చూడకుండానే మందు చెప్పేవారు: 18వ శతాబ్దపు వైద్య ఉత్తరాలు

పాతకాగితం · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నెల రోజులుగా రాత్రిళ్లు ఒకే పని మీద ఉన్నాను. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి ఇక్కడ రాస్తున్నాను.

స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో విలియం కల్లెన్ అనే వైద్యుడు ఉండేవారు. 1710లో పుట్టారు, 1790లో పోయారు. అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. దూరాన ఉన్న రోగులు తమ జబ్బు గురించి ఆయనకు ఉత్తరం రాసేవారు, ఆయన ఉత్తరంలోనే మందు, పథ్యం చెప్పేవారు. రానూపోనూ ఉత్తరాలు కలిపి ఐదు వేలకు పైగా ఆ ఊరి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో భద్రంగా ఉన్నాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు వాటిని ఇంటర్నెట్‌లో పెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు.

చదువుతుంటే నాకు వైద్యం కన్నా మనుషులే ఎక్కువ కనబడుతున్నారు. జబ్బు ఏ రోజు మొదలైంది, అంతకుముందు ఏం తిన్నారు, ఎవరు పోయిన దుఃఖంలో ఉన్నారు, ఏ పక్కకి తిరిగి పడుకుంటే ఊపిరి ఆడుతుంది, అన్నీ రాస్తారు. ఒక్కో ఉత్తరం పేజీలకు పేజీలు.

నాకు ఇది ఇంతగా పట్టుకోవడానికి సొంత కారణం కూడా ఉంది. అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాదులో. కళ్లు తిరుగుతున్నాయంటే సెలవు పెట్టి వెళ్లి ఆసుపత్రికి తీసుకెళ్లాను. మూడు గంటలు కూర్చుంటే లోపల నాలుగు నిమిషాలు. అమ్మ నోరు తెరిచేలోపే చీటీ రాసిచ్చేశారు. ఆ రాత్రే ఈ ఉత్తరాలు నా కంటపడ్డాయి.

నా సందేహం ఒక్కటే. మనిషిని చూడకుండా, చెయ్యి పట్టుకోకుండా ఆ వైద్యులు ఎలా నిర్ణయించగలిగారు? రోగులు ఎలా నమ్మారు?

విశ్రాంత_వైద్యుడు · శనివారం రాత్రి 10:25

అమ్మా, మంచి విషయం ఎత్తారు. ముప్పై ఆరేళ్లు ప్రాక్టీసు చేసినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

ఆ రోజుల్లో రోగి ఎదురుగా ఉన్నా వైద్యుడు చేసే పరీక్ష చాలా తక్కువ. నాడి చూసేవారు, నాలుక చూసేవారు, మూత్రం, విరేచనం ఎలా ఉన్నాయో అడిగేవారు. స్టెతస్కోపు లేదు. దాన్ని ఫ్రాన్సులో లెనెక్ కనిపెట్టింది 1816లో. ఛాతీ మీద వేలితో కొట్టి శబ్దం వినే పద్ధతిని వియన్నాలో ఔన్‌బ్రుగ్గర్ 1761లోనే పుస్తకంగా వేసినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. థర్మామీటరు ఉండేది గానీ రోజువారీ వైద్యంలో వాడకం దాదాపు లేదు. ఎక్స్‌రే, రక్త పరీక్షల మాట చెప్పనక్కరలేదు.

అంటే జబ్బు గురించి వైద్యుడికి తెలిసేదంతా ఎక్కడినుంచి? రోగి నోటి నుంచే. ఆ మాట నోటి నుంచి వచ్చినా కలం నుంచి వచ్చినా వారికి పెద్ద తేడా లేదు. మనం ఇప్పుడు ఫోన్లో వైద్యం చేస్తే పోగొట్టుకునేది చాలా ఉంది. వాళ్లు ఉత్తరంలో పోగొట్టుకున్నది నాడి, ముఖం రంగు, ఇంకా కొద్దిపాటి.

ఇంకొకటి. జబ్బు అనేది ఒక్కో శరీరతత్వాన్ని బట్టి ఉంటుందని నమ్మిన కాలం అది. అందుకే మీరు తిన్నది, తాగింది, నిద్ర, దిగులు అన్నీ కావాలి. రోగి అదంతా రాయడం అతిగా చెప్పుకోవడం కాదు. వైద్యుడికి కావలసిన సరుకే అది.

సుద్దముక్క · శనివారం రాత్రి 11:10

చరిత్ర పాఠాలు చెప్పుకునేవాణ్ణి, కాస్త చేరుస్తాను.

ఈ ఉత్తరాలన్నీ రోగులే రాశారనుకోవద్దు. భార్య కోసం భర్త, కొడుకు కోసం తండ్రి, తన చర్చికి వచ్చే పేదల కోసం పాదిరీ రాసేవారు. చాలా ఉత్తరాలు ఆ ఊళ్లో ఉన్న సర్జన్లే రాసినవి. 'నేను ఇదిగో ఇవి వాడి చూశాను, తగ్గలేదు, మీరేమంటారు' అని. ఇప్పుడు మన టౌను డాక్టరు పెద్ద స్పెషలిస్టుకి రిపోర్టు పంపి అడిగినట్టే.

ఫీజు మామూలుగా ఒక గినీ, రెండు గినీలు. గినీ అంటే 21 షిల్లింగులు. కూలివాడికి రోజుకు ఒక షిల్లింగు అటూ ఇటూగా వచ్చే కాలంలో అది మూడు వారాల పైచిలుకు కష్టార్జితం. కాబట్టి ఇది ప్రధానంగా భూస్వాములు, వర్తకులు, చదువుకున్నవారు పొందిన వైద్యం. ఇది మరిచిపోతే ఆ కాలం మనకు లేనిపోని అందంగా కనిపిస్తుంది.

కల్లెన్ జవాబులు ఇన్ని మిగలడానికి కారణం కూడా చెప్పుకోవాలి. ప్రతి జవాబుకూ నకలు ఉంచుకునేవారు. మొదట గుమాస్తాతో చేతిరాతలో తీయించేవారు. 1780లో జేమ్స్ వాట్, అంటే ఆవిరి యంత్రం వాట్ గారే, ఉత్తరాల నకలు తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. ప్రత్యేకమైన సిరాతో రాసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం పెట్టి నొక్కితే అక్షరాలు దాని మీదికి దిగుతాయి, వెనకవైపు నుంచి చదువుకోవాలి. మరుసటి ఏడాదికల్లా కల్లెన్ దాన్ని తెప్పించి వాడడం మొదలుపెట్టారు. రోగికి తానేం చెప్పాడో వైద్యుడి దగ్గర కూడా రుజువు ఉండాలన్న ఆ పట్టుదల నాకు చాలా గౌరవం కలిగించింది.

పోస్టాఫీసు_బల్ల · ఆదివారం ఉదయం 6:50

తపాలా శాఖలో రిటైరైనవాణ్ణి. సుద్దముక్క మాస్టారు డబ్బు సంగతి ఎత్తారు కాబట్టి తపాలా ఖర్చు కూడా చెప్పాలి.

బ్రిటన్‌లో 1840లో పెన్నీ పోస్టు, అంటే దూరంతో పని లేకుండా ఒక్క పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి, వచ్చేదాకా ఉత్తరం అందుకున్నవారే సాధారణంగా డబ్బు కట్టాలి. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి లెక్క. రెండో కాగితం కలిస్తే ఖర్చు రెట్టింపు. అందుకే కవరు వాడకుండా అదే కాగితాన్ని మడిచి, లక్కముద్ర వేసి, బయట చిరునామా రాసేవారు. పార్లమెంటు సభ్యులకు ఉచితంగా పంపుకునే హక్కు ఉండేది కాబట్టి తెలిసినవాళ్లు వారి సంతకం కోసం తిరిగేవారు.

ఇక ఆలస్యం. 1786లో మెయిల్ కోచ్, అంటే తపాలా మోసే గుర్రపు బండి, లండన్ నుంచి ఎడిన్‌బరోకి నడిచినప్పుడు రెండున్నర రోజులు పట్టడమే గొప్ప వేగం. అంతకుముందు ఇంకా ఎక్కువ. మారుమూల పల్లె అయితే వారాలు. జవాబు చేరేసరికి రోగి లేచి తిరుగుతుండొచ్చు, లేదా మనిషే పోయి ఉండొచ్చు. అందుకని ఇలా రాసి అడిగినవి ఎక్కువగా నెలల తరబడి నడిచే జబ్బులు: గౌటు అనే కీళ్ల జబ్బు, ఉబ్బసం, ఒళ్లు నీరు పట్టడం, క్షయ, మూర్ఛ, అజీర్ణం, దిగులు జబ్బు. వైద్యులు కూడా 'ఇది తగ్గితే ఇలా చేయండి, తగ్గకపోతే ఇది మొదలుపెట్టండి' అని ముందుచూపుతో రాసేవారు.

ఆంగ్ల నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌కి 1784లో ఒళ్లు నీరు పట్టి, ఆయాసంతో ఇబ్బంది పడుతుంటే, ఆయన మిత్రుడు బాస్వెల్ ఎడిన్‌బరోలో కల్లెన్‌తో సహా పెద్ద వైద్యులను అడిగి వారి అభిప్రాయాలు రాతలో తెప్పించారు. జాన్సన్‌కి అప్పుడు 74 ఏళ్లు. ఆ డిసెంబరులో పోయారు. స్నేహితుడి కోసం ఒక్కొక్కరికీ ఉత్తరం రాసి సలహా తెప్పించిన ఆ మనిషి నాకు బాగా నచ్చారు.

తులసికోట · ఆదివారం ఉదయం 9:15

అందరూ మెచ్చుకుంటున్నారు, నాకు మాత్రం బాధగానే ఉంది. అంత శ్రద్ధగా రాయించుకుని చివరికి ఇచ్చిందేమిటి? రక్తం తీయడం, వాంతి చేయించడం, పాదరసం, నల్లమందు. ఎంతమంది ఆ మందులతోనే పోయి ఉంటారు! వినడం ఒక్కటే చాలుతుందా? మా నాన్నగారికి ఎంతో ఓపికగా విని తప్పు మందు ఇచ్చిన మనిషి వల్ల మేం పడింది మాకు తెలుసు. ఓపిక ఉన్నంత మాత్రాన వైద్యం అయిపోదు.

విశ్రాంత_వైద్యుడు · ఆదివారం ఉదయం 10:05

తులసికోట గారూ, మీ నాన్నగారి విషయం విని బాధ కలిగింది. మీ మాటలో నిజముంది, దాన్ని నేను కాదనను. కాలొమెల్ అనే పాదరసపు మందు, ఆంటిమొనీతో చేసిన వాంతి మందు, ఇవన్నీ హాని చేసినవే. పళ్లు ఊడిపోయేంతగా పాదరసం వాడిన కాలం అది.

అయితే ఉత్తరాల్లో ఎక్కువ భాగం మందు కాదు. పథ్యం, నడక, గుర్రపు స్వారీ, ఒంటికి ఉన్ని బట్ట, పాదాలు చలికి తడవకుండా చూసుకోవడం, రాత్రి పెందలాడే పడుకోవడం, సారాయి తగ్గించడం. కల్లెన్ సలహాలు చాలావరకు ఈ దారినే నడుస్తాయి. ఇంగ్లండులోని బాత్ అనే ఊళ్లో ఉన్న జార్జ్ చేన్ అనే వైద్యుడు నవలాకారుడు రిచర్డ్‌సన్‌కి ఉత్తరాల్లోనే పాలు, కూరగాయల పథ్యం పెట్టారు. బయటికి వెళ్లి స్వారీ చేసే తీరిక లేదంటే, స్ప్రింగులున్న కుర్చీ కొనుక్కుని ఇంట్లోనే దాని మీద కూర్చుని పైకీ కిందికీ ఊగమన్నారు. చేన్ గారే ఒకప్పుడు 200 కిలోలు దాటిన మనిషి, పథ్యంతో తగ్గినవారు. అందుకే ఆయన రాసిన ఉత్తరాల్లో వైద్యుడి కన్నా తోటి రోగి ఎక్కువ వినిపిస్తాడు.

పనిచేసిన మందులూ కొన్ని ఉన్నాయి. చలిజ్వరానికి సింకోనా బెరడు నిజంగా పనిచేసింది.

మందులషాపు · ఆదివారం ఉదయం 11:30

సింకోనా అన్నారు కాబట్టి ఒక మాట. మన దగ్గర హోమియో వాడని ఇల్లు తక్కువ కదా. దాని మొదలు ఈ కల్లెన్ పుస్తకం దగ్గరే ఉంది. 1790లో కల్లెన్ రాసిన ఔషధ గ్రంథాన్ని జర్మన్‌లోకి అనువదిస్తూ, సింకోనా ఎందుకు పనిచేస్తుందో ఆయన చెప్పిన కారణం నచ్చక, హానిమన్ ఆ బెరడు తానే మింగి చూశారు. అక్కడినుంచి ఆయన దారి వేరైంది. హానిమన్ కూడా తర్వాత దూరపు రోగులకు ఉత్తరాల మీదనే వైద్యం చేశారు.

ఇంకొకటి మా షాపులో ఈరోజుకీ ఉండేది: డిగాక్సిన్. గుండె జబ్బుకి ఇస్తారు. ఇది డిజిటాలిస్ జాతి మొక్క నుంచి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో విథరింగ్ అనే వైద్యుడు ఆ జాతి మొక్క ఆకు మీద పదేళ్లు పనిచేసి 1785లో పుస్తకం వేశారు. అందులో తన రోగుల కేసులతో పాటు ఇతర ఊళ్ల వైద్యులు రాసి పంపిన ఉత్తరాలు కూడా అచ్చువేశారు. మోతాదు కాస్త ఎక్కువైతే వాంతులు, చూపు పచ్చగా మారడం, ప్రాణం మీదికి రావడం. ఎక్కడ ఆపాలో ఆయన పదే పదే చెప్పారు. ఈ మందు ఇచ్చేటప్పుడు ఇప్పటికీ నేను చీటీ రెండుసార్లు చదువుతాను.

చలిదేశం · ఆదివారం మధ్యాహ్నం 2:20

నేను ఎడిన్‌బరోలోనే చదువుకుంటున్నాను అక్కా. ఈ ఊరి మనిషిదే ఒక ఉత్తరం ఉంది, దాని గురించి చెప్పకుండా ఉండలేను.

డేవిడ్ హ్యూమ్ పేరు తత్వశాస్త్రం చదివినవాళ్లకి తెలుసు. 1734లో ఆయనకి ఇరవై మూడేళ్లు కూడా నిండలేదు. ఎవరో ఒక వైద్యుడికి పెద్ద ఉత్తరం రాశారు. ఆ వైద్యుడి పేరు ఉత్తరంలో లేదు. తనకు ముఖపరిచయం లేని మనిషికి రాస్తున్నానని ఆయనే చెప్పుకుంటారు.

పద్దెనిమిదేళ్ల వయసులో చదువులో ఏదో కొత్త లోకం తెరుచుకున్నట్టయి రాత్రీ పగలూ చదివారు. కొన్ని నెలలకి ఉత్సాహమంతా ఒక్కసారిగా చల్లారిపోయింది. ముందు అది తన బద్ధకం అనుకుని ఇంకా ఎక్కువ చదివారు. తర్వాత వేళ్ల మీద మచ్చలొచ్చాయి. నోట్లో నీళ్లూరడం మొదలైంది. వైద్యుడికి చెబితే నవ్వి, 'నువ్వూ మా వాడివైపోయావు, ఇది పండితుల జబ్బు' అన్నారట. చేదు మందులు, మాత్రలు ఇచ్చి, రోజూ ఒక పైంటు (దాదాపు అర లీటరు) ఎర్ర ద్రాక్షసారా తాగమని, ఎనిమిది పది మైళ్లు గుర్రం మీద తిరగమని చెప్పారు. ఆ తర్వాత విపరీతమైన ఆకలి పట్టుకుని, ఎముకలు కనబడే మనిషి ఆరు వారాల్లో ఎర్రగా బలంగా తయారయ్యారు. చూసినవాళ్లంతా ఆరోగ్యం బాగుందన్నారు. లోపల మాత్రం ఒక ఆలోచనను చివరిదాకా పట్టి నిలపలేకపోతున్నారు. కాగితాల కట్టలు రాశారు, వాటిని ఒక రూపానికి తేలేకపోతున్నారు.

చివర్లో ఆయన అడిగినవి చదివితే నాకు కళ్లు చెమర్చాయి. చదువుకున్నవాళ్లలో ఇలాంటి బాధ పడ్డవారు మీకు తెలుసా? నాకు నయమవుతుందా? ఎన్నాళ్లు పడుతుంది? మళ్లీ మునుపటిలా లోతుగా ఆలోచించగలనా?

ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలో నాకూ ఇదే. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదలవు. ఇంట్లో చెబితే టెన్షన్ పడతారని చెప్పలేదు. ఫొటోల్లో బాగానే ఉన్నావు కదా అనేవారు. పైకి బాగున్నా లోపల బాగోలేదని ఒక మనిషి దాదాపు మూడు వందల ఏళ్ల కిందట అంత స్పష్టంగా రాయగలిగాడని చూశాక, యూనివర్సిటీ కౌన్సెలర్‌కి నేను కూడా కాగితం మీద రాసుకుని వెళ్లాను.

ఆ ఉత్తరం హ్యూమ్ సొంత కాగితాల్లోనే దొరికింది. తర్వాత ఆయన కొన్నాళ్లు బ్రిస్టల్‌లో ఒక వర్తకుడి దగ్గర పనిచేసి, ఫ్రాన్సు వెళ్లి, 1739లో తన పెద్ద గ్రంథాన్ని అచ్చులోకి తెచ్చారు.

పాతకాగితం · ఆదివారం మధ్యాహ్నం 2:55

తమ్ముడూ, ఇప్పుడు ఎలా ఉన్నావు? ఇంట్లో ఇంకా చెప్పకపోతే ఒకసారి చెప్పు. అమ్మావాళ్లకి టెన్షన్ కన్నా తెలియకపోవడమే ఎక్కువ బాధ.

చలిదేశం · ఆదివారం మధ్యాహ్నం 3:10

బాగున్నాను అక్కా. సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మకి చెప్పాను. చాలాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుంది.

సుద్దముక్క · ఆదివారం సాయంత్రం 5:30

హ్యూమ్ ఉత్తరం చదివాక టిసో అనే వైద్యుడి గురించి రాయాలనిపించింది. స్విట్జర్లాండులోని లోజాన్‌లో ఉండేవారు, 1728లో పుట్టారు. 1761లో పల్లె జనం ఆరోగ్యం కోసం ఒక పుస్తకం రాశారు. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. దాంతో ఐరోపా నలుమూలల నుంచీ ఆయనకి ఉత్తరాలు మొదలయ్యాయి. వెయ్యికి పైగా ఈనాటికీ లోజాన్ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఆ పుస్తకం చివర్లో ఒక ప్రశ్నల పట్టిక ఉంది. రోగిని ఇంట్లో వదిలి, వాళ్ల తరఫున వైద్యుడి దగ్గరికి వచ్చే బంధువులు అడిగినదానికి జవాబు చెప్పలేకపోతున్నారని, ముందే తెలుసుకుని రమ్మని ఇచ్చినది. వయసెంత, ఇంతకుముందు ఆరోగ్యంగా ఉండేవారా, జబ్బు ఎప్పుడు ఎలా మొదలైంది, మంచం మీదే ఉన్నారా లేచి తిరుగుతున్నారా, నొప్పి ఎక్కడ, దాహం ఉందా, నోట్లో రుచి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, ఇప్పటిదాకా ఏమేం వాడారు. ఆడవారికి, పిల్లలకి విడిగా కొన్ని. చదువురానివాళ్లు కూడా చెప్పగలిగేలా చిన్న చిన్న మాటల్లో ఉంటాయి.

తులసికోట · ఆదివారం సాయంత్రం 6:15

మాస్టారూ, టిసో అంటే హస్తప్రయోగం వల్ల మనిషి నాశనమైపోతాడని పుస్తకం రాసినాయనేగా? 1760లో. ఆ భయంతో ఎందరు కుర్రవాళ్లు సిగ్గుతో చచ్చిపోతూ ఆయనకే ఉత్తరాలు రాసుకున్నారో కూడా చెప్పండి. జబ్బు లేనివాళ్లకి జబ్బు ఉందని నమ్మించి, మళ్లీ తానే సలహా చెప్పడం. మన వారపత్రికల డాక్టరు శీర్షికలకి దశాబ్దాల తర్వాత కూడా అవే భయాలతో పిల్లలు పేరు దాచుకుని రాసేవారు. నేను నర్సుగా పనిచేశాను, ఆ భయం మోసుకొచ్చిన పిల్లల ముఖాలు చూశాను.

సుద్దముక్క · ఆదివారం సాయంత్రం 6:40

అవునమ్మా, ఆయనే. మీరన్నది పూర్తిగా నిజం. నేను ముందే చెప్పాల్సింది. ఆ పుస్తకం చేసిన చెడు చాలా పెద్దది, నూట యాభై ఏళ్లు పైనే నడిచింది. మంచి ప్రశ్నలు అడగడం తెలిసిన మనిషే ఆ చెడు కూడా చేశారు. ఎదురుగా నోరు విప్పలేనిది కాగితం మీద చెప్పుకోగలిగారన్నది ఒక్కటే ఆ ఉత్తరాల్లో మిగిలిన మేలు.

విశాఖ_తీరం · ఆదివారం రాత్రి 8:05

మన తీరానికి దీనితో ఉన్న బంధం ఎవరూ చెప్పలేదు. అదే ఎడిన్‌బరోలో చదివిన ఇద్దరు వైద్యులు 1780లలో మన దగ్గరే ఉన్నారు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో మొక్కల మీద, పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో పాముల మీద పనిచేశారు. రస్సెల్‌కి ఇతర ఊళ్ల సర్జన్లు తమ దగ్గరికొచ్చిన పాముకాటు కేసులు, వాడిన మందులు రాసి పంపేవారు. ఎంతసేపటికి ఏమైందో వివరంగా. ఆయన 1796లో లండన్‌లో అచ్చువేసిన పుస్తకంలో పాముల పేర్లు మన తెలుగులోనే ఉన్నాయి. ఇప్పుడు రస్సెల్ వైపర్ అనే రక్తపింజరిని అందులో 'కాటుక రేకుల పొడ' అన్నారు. కట్లపాము జాతికి శాస్త్రజ్ఞులు వాడే బంగారస్ అన్న పేరు మన 'బంగారు పాము' నుంచి వెళ్లిందే. ఆ పేర్లు ఆయనకి చెప్పిన మన ఊరివాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేకుండా పోయాయని నాకు ఇప్పటికీ మనసులో ఉంటుంది.

పాతకాగితం · మరుసటి ఆదివారం రాత్రి 9:20

వారం రోజులు రాయలేకపోయాను, క్షమించండి. ఊరికి వెళ్లాను.

సుద్దముక్క మాస్టారు చెప్పిన ఆ ప్రశ్నలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసుకుని వెళ్లాను. డాక్టరు గారి సలహాతో రెండు చేర్చాను: ఏ మాత్ర ఎన్ని గంటలకి వేసుకుంటున్నావు, కూర్చున్నచోటి నుంచి లేచేటప్పుడు ఎలా ఉంటుంది. నేను అడుగుతూ రాసుకుందామనుకున్నా. అమ్మ ఆ కాగితం తీసుకుని 'నేనే రాస్తాలే' అంది. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. చీటీలు, పాలలెక్క తప్ప ఏదీ రాయడం నేను చూడలేదు.

రెండు రోజులు రాసింది. వయసు దగ్గర '70 కావచ్చు' అని. నొప్పి దగ్గర ఒక్క మాట, 'మోకాళ్లు'. ఆకలి, దాహం దగ్గర 'బాగానే' అని. నిద్ర దగ్గరికి వచ్చేసరికి అర పేజీ నిండిపోయింది. నాన్న పోయినప్పటినుంచి రాత్రి రెండింటికి మెలకువ వస్తుందట. తలుపు గడియ వేశానో లేదోనని లేచి చూస్తుందట. ఒక్కోసారి నాలుగుసార్లు. అలా లేచినప్పుడే కళ్లు తిరిగేది. గోడ పట్టుకుని నిలబడితే తగ్గుతుందట. 'అమ్మాయికి చెప్పలేదు, ఉద్యోగం మానేసి వస్తుందని' అని కూడా రాసింది. నాన్న పోయి ఆరేళ్లు.

విశ్రాంత_వైద్యుడు · మరుసటి ఆదివారం రాత్రి 9:50

అమ్మా, ఆ కాగితం అలాగే పట్టుకెళ్లండి. మీరు తిరగరాయొద్దు. పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ రెండుసార్లు చూడమని అడగండి. బీపీ మాత్ర రాత్రి వేసుకుంటున్నారా అన్నది కూడా చెప్పండి. అంతవరకూ రాత్రి లేచేముందు రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోమనండి. మంచం పక్కన ఒక లైటు పెట్టించండి.

పోస్టాఫీసు_బల్ల · సోమవారం ఉదయం 6:30

ఆ తలుపుకి లోపలి నుంచి వేసే పెద్ద గడియ ఒకటి, మంచం మీదినుంచే కనబడేలా పెట్టించండమ్మా. మా ఇంటావిడకి అలాగే చేశాను.

పాతకాగితం · సోమవారం ఉదయం 7:15

ఈరోజే వడ్రంగికి ఫోన్ చేస్తాను బాబాయ్ గారూ. గురువారం ఆసుపత్రి. కాగితం అమ్మ చేతిలోనే ఉంటుంది.